రెండూ ఉంచు

అలాసితాస్ బొమ్మల పండగ రోజున లా పాస్ ఊళ్ళో మధ్యాహ్నం దాకా ఎవరిచేతా పని చేయించలేరు. ఈ సంగతి ఉర్కీడి ఇంజినీరుగారికి పుట్టినప్పటినుంచీ తెలుసు. అయినా సరే, పాత ప్రాజెక్టులన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని ఆ రోజే మొదలుపెట్టాలని పట్టుబట్టారు. పాతదాని గడువు ఆ వారంతో సరి, ఆ తర్వాత బతిమాలినా తెరుచుకోదు. వంతెనలూ, గోదాములూ, బడి కప్పులూ, ఇన్నేళ్ళుగా ఆ ఆఫీసు గీసినవన్నీ పాతదాంట్లోంచి ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి, కొత్తదాంట్లోకి ఇంపోర్ట్ చెయ్యాలి. ఈ చాకిరీ డెల్ఫినా చోకె నెత్తిన పడింది. ఆ ఆఫీసులో ఎవరికీ అక్కర్లేని పనులన్నీ ఆమె నెత్తినే పడతాయి, ఎందుకంటే ఆమెకు కాదనడం రాదు.

అయితే ఆ పొద్దున ఆమెకు తన స్వార్థం కూడా కాస్త ఉంది. ప్లాస్టిక్ కరిగించి బొమ్మలు పోసే యంత్రం ఒకటి ఆఫీసులో కొత్తగా దిగింది. సంతలో అమ్మే సుద్ద ఇళ్ళు కొనుక్కోవడమెందుకు, ఎవరికి కావలసిన ఇల్లు వాళ్ళు ఇక్కడే పోసుకోండి అని ఇంజినీరుగారు ఉదారంగా సెలవిచ్చారు. ఏడాదిలో ఏం కావాలో దాని బొమ్మ తీసుకెళ్ళి, ఆ రోజు సరిగ్గా పన్నెండింటికి పొగ వేయించి, పూలరేకులూ సారా చల్లిస్తే, ఆ బొమ్మలో ఉన్నదంతా అసలుగా వస్తుందని కదా నమ్మకం. ఇంజినీర్లు ఇలాంటివి నమ్మరు. కాకపోతే పన్నెండింటికి ఒక్కడూ కుర్చీలో కనపడడు.

డెల్ఫినాకు ఒక ఇల్లుంది, కంప్యూటర్‌లో. పెళ్ళికి ముందు గీసుకుంది. ఎల్ ఆల్తోలో వాళ్ళు కొనుక్కున్న జాగాలో ఇప్పటికీ గడ్డీ, పక్కవాళ్ళ కుక్కా తప్ప ఏమీ లేవు. గుమ్మం ఎంత ఎత్తో చూసేవాళ్ళకి తెలియడానికి డ్రాయింగుల్లో మనిషి బొమ్మ ఒకటి నిలబెట్టడం మామూలే. ఆమె ఊరూ పేరూ లేని బొమ్మలు పెట్టకుండా, ఫొటోలు చూసి తననీ, పెళ్ళాడబోయే సెనోన్‌నీ మలిచి గుమ్మంలో పక్కపక్కన నిలబెట్టింది. వాటికి పేర్లు కూడా రాసింది. అది పాత ఫైలు. కిందటేడు అదే ఇంటికి ఇంకో ఫైలు చేసింది. అందులో చిన్న గది ఒకటి ఎక్కువ, నాలుగేళ్ళ కూతురు వారా బొమ్మ ఒకటి ఎక్కువ. గోడలు కదల్లేదు. గుమ్మంలో మొగుడూ పెళ్ళాల చోటు కూడా మారలేదు. వాళ్ళిద్దరినీ మాత్రం కొత్త ఫొటోలు చూసి మళ్ళీ మలిచింది, ఎందుకంటే అప్పటికి ఇద్దరూ పాత బొమ్మల్లా లేరు.

సెనోన్ ఇనప కప్పులకి వెల్డింగు చేస్తాడు. అతను అతికిన దూలం మీంచే అతని తమ్ముడు ఇసిద్రో జారిపడి చచ్చిపోయాడు. తప్పు దూలానిది కాదు, ఆ రోజు వానది అని అందరూ చెప్పారు. సెనోన్ విన్నాడు, తలూపాడు, ఆ తర్వాత నవ్వడం మానేశాడు. తాగడు, తిట్టడు, కూతుర్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడు. కానీ ఆ ఇంట్లో మూడేళ్ళుగా ఎవరూ గట్టిగా నవ్వింది లేదు.

బయట వడగళ్ళు మొదలయ్యాయి. పక్క కుర్చీలో గ్రోవర్ అప్పటికే కోటు వేసుకున్నాడు.

"డెల్ఫినా తల్లీ, అన్నీ కలిపి ఒక్క తోపు తొయ్యి. ఒక్కోటీ విప్పి చూస్తూ కూర్చుంటే పైనున్న దేవుడు కూడా భోజనానికి లేచిపోతాడు."

"నీకేం, నువ్వు పెట్టుకున్నది సుద్ద కారు. నాది ఇల్లు."

"ఇల్లే కదా, నాలుగు గోడలు. నాది నాలుగు చక్రాలు. ఏది కష్టం చెప్పు!"

ఆమె నవ్వుకుని, తన ఇంటి ఫైళ్ళు రెండూ ఎంచి ఒకేసారి ఇంపోర్ట్ కొట్టింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ పేర్లతో ఇదివరకే ఉన్నాయి. పాతవి ఉంచాలా, కొత్తవి ఉంచాలా, రెండూ ఉంచాలా? లేమిలో పెరిగినవాళ్ళు ఏదీ పారెయ్యమని చెప్పలేరు. డెల్ఫినా క్షణం కూడా ఆలోచించకుండా "రెండూ ఉంచు" నొక్కింది.

బుద్ధున్నవాళ్ళు ఎవరైనా ఇంపోర్ట్ అయ్యాక తప్పుల పట్టిక ఒకసారి చూస్తారు. అందులో పసుపు హెచ్చరిక గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ ఆ రోజున, ఆ ఊళ్ళో, ఆ సమయానికి దాన్ని చూసేవాడు పుట్టలేదు. డెల్ఫినా పట్టిక మూసేసింది, ఇంటిని యంత్రానికి పంపింది. పిడికెడు ఇల్లు తయారయ్యాక, దాని వేడి తగ్గకముందే శాలువాలో చుట్టుకుని గ్రోవర్ వెనకాల దిగుడు వీధుల్లో పరుగెత్తింది.

పార్కు నిండా పొగ. నీలం ప్లాస్టిక్ పట్టా కింద సబీనా అవ్వ కుంపటి ముందు కూచునుంది. కొండల్లో పూజలు నేర్చిన మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు, మాట మాత్రం పదును. బొమ్మని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఊపి చూసింది.

"బరువుందే అమ్మాయ్. ఇంత ఇంటికి ఇంత బరువేంటి?"

"గట్టి ప్లాస్టిక్ అవ్వా."

"లోపల జనం ఎక్కువున్నారు."

"లేదవ్వా, ముగ్గురమే."

"నేను లెక్కపెట్టను, పొగేస్తాను. ఇల్లు ఎప్పుడొస్తుందో చెప్పలేను గానీ, మనుషులు ముందొస్తారు. వచ్చినవాళ్ళకి అన్నం పెట్టు. ఇంద, కళ్ళు మూసుకుని అడుగు."

గంటలు మోగాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ఇళ్ళనీ, కార్లనీ, కాలేజీ పట్టాలనీ గట్టిగా కోరుకుంటున్నారు. డెల్ఫినా కూడా ఇల్లే అడగాలి. కానీ కళ్ళు మూసుకోగానే ఆమె మనసు ఆమె మాట వినలేదు. సెనోన్ మునుపటిలా అయితే చాలు, అనుకుంది. అనుకున్నాక కాస్త సిగ్గుపడింది కూడా.

మూనైపాతా కొండ మీద వాళ్ళ అద్దె గదులు. వీధి నుంచి మెట్లెక్కి రావాలి. ఆ సాయంత్రం వారా బల్ల దగ్గర తండ్రి కుర్చీలో కూర్చుని రంగులు వేసుకుంటోంది. డెల్ఫినా బంగాళాదుంపలు కడుగుతుంటే మెట్ల మీద ఈల వినిపించింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ ఈల ఎవరిదో ఆమెకు తెలుసు. తలుపు తోసుకుని సెనోన్ వచ్చాడు. టోపీ వెనక్కి తోసుకున్నాడు, చేతిలో నూనె ఓడుతున్న కాగితం పొట్లం.

"ఏమే ఫీనా, నేను లేనని తిండి మానేసి చిక్కిపోయావా? చూడు, నీ కోసం వేడివేడిగా పట్టుకొచ్చా. ఆ కొట్టావిడ నేను అందగాణ్ణని చీజ్ ఎక్కువ పెట్టింది."

ఫీనా. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయింది! డెల్ఫినా తడిచేతులతోనే అతన్ని గట్టిగా పట్టుకుంది. అతను పకపకా నవ్వాడు. చొక్కాకి ఇనప రజను వాసన, మెడ దగ్గర అదే సబ్బు వాసన. పొగ పనిచేసింది, సబీనా అవ్వ నోరు చల్లగుండా అనుకుంది. ఆ నిమిషాన ఆమె అంత సుఖపడింది, ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

"ఆదివారం ఇసిద్రోని భోజనానికి రమ్మన్నా. వేరుశనగ సూప్ ఎక్కువ చెయ్. వాడు తిండిపోతు, గిన్నె కూడా నాకేస్తాడు," అన్నాడతను.

డెల్ఫినా అతన్ని వదిలేసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ లోపు అతను కుర్చీ దగ్గరికి నడిచి, అందులో పిల్ల ఉందో లేదో చూడకుండా కూర్చోబోయాడు. తల్లి ఒక్క ఉదుటున వెళ్ళి వారాని చంకల కింద పట్టి లాగేసింది. రంగుపెన్సిళ్ళు నేలంతా దొర్లాయి. అతను వాటినీ చూడకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మా, ఈయనెవరు?" అంది వారా.

"నాన్నే కదే, పిచ్చిపిల్లా."

"కాదు."

"ఎవరితో మాట్లాడుతున్నావే?" అన్నాడు సెనోన్, గదంతా కలయజూసి. వెక్కిరింతేం కాదు, నిజంగానే అడిగాడు. అతని చూపు వారా నిలబడిన చోటు మీదుగా ఖాళీ గోడ మీదుగా పోయినట్టు పోయింది.

అప్పుడే గుమ్మంలో పనిముట్ల సంచీ దబ్బున పడింది. సెనోన్ వచ్చాడు. ఎప్పుడూ వచ్చే సెనోన్. వానకి తడిసి, భుజాలు వంగి, కళ్ళ కింద నల్లటి చారలతో. ఎవరినీ పలకరించకుండా వారా తల నిమిరాడు. తిన్నగా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. అందులో ఇదివరకే మనిషున్నాడు. ఇతని మోకాళ్ళు అతని మోకాళ్ళలో కలిశాయి, ఇతని వీపు అతని ఛాతీలోకి వెళ్ళింది, రెండు ముఖాలు ఒకటయ్యాయి. కుర్చీ కిర్రుమంది. చూస్తే ఒక్క మనిషే ఉన్నాడు.

"చలేస్తోంది," అన్నాడు సెనోన్. "ఏముంది తినడానికి?"

బల్ల మీద పొట్లం విప్పితే అందులో చీజ్ బూరెలు రెండే ఉన్నాయి.

ఆ రోజుల్లో డెల్ఫినా ఏం చేసి ఉండాల్సిందో మనం ఇవాళ తీరిగ్గా కూర్చుని చెప్పొచ్చు. ఆమె చేసింది మాత్రం ఒక్కటే, చూసీ చూడనట్టు ఊరుకుంది. కూర్చున్నంత సేపూ, పడుకున్నంత సేపూ సెనోన్ ఒక్కడే. కదిలినప్పుడే తేడా. పొద్దున్న ముంగి సెనోన్ లేచి, సంచీ తీసుకుని పనికి పోయేవాడు. అతను లేచాక కూడా కుర్చీలో సెనోన్ ఉండేవాడు, కాఫీ కప్పు ఊదుకుంటూ ఆమెని చూసి కన్నుకొట్టేవాడు. కాసేపయ్యాక ఈల వేసుకుంటూ అతనూ మెట్లు దిగేవాడు. సాయంత్రం ముందు ఈల వచ్చేది, వెనకాల సంచీ వచ్చేది. ఆ రెంటి మధ్యా దొరికే కాస్త సమయం కోసం ఆమె ఆఫీసు నుంచి పరుగున వచ్చేది. వారాకి బొమ్మలిచ్చి లోపలి గదిలో కూర్చోబెట్టేది. కన్నతల్లి చెయ్యాల్సిన పని కాదని తెలిసే చేసేది.

సెనోన్ అవస్థ సెనోన్‌ది. "ఒళ్ళు మహా బరువుగా ఉంటోంది," అన్నాడు ఒకరోజు. "ఎవర్నో మోస్తున్నట్టుంది. ఇవాళ పరంజా పలక నా కింద విరగబోయింది. మేస్త్రీ నవ్వాడు, ఏం మేస్తున్నావురా అని."

"నిద్ర సరిపోవడం లేదేమో," అంది డెల్ఫినా, అతని ముఖం చూడకుండా.

ఇంట్లో ఇంకా చిన్న చిన్న వింతలుండేవి. వారా పాలగ్లాసు పై అటక మీద దొరికేది, ఎవరికీ అక్కర్లేనిదాన్ని సర్ది పెట్టినట్టు. ఆమె వడ్డించని అన్నం బల్ల మీద సిద్ధంగా ఉండేది, రెండు పళ్ళేల్లో. ఇదంతా ఆ నవ్వే సెనోన్ పనే అనుకుంది. పిల్ల పుట్టకముందు గీసిన బొమ్మ అది, పిల్ల దానికేం తెలుస్తుంది పాపం అని సర్దిచెప్పుకుంది. మనకి కావలసినవాళ్ళ తప్పులు మనకి ఎంత తేలిగ్గా అర్థమవుతాయో!

ఆఫీసులో ఒకసారి ధైర్యం చేసి ఆ తప్పుల పట్టిక తెరిచింది. మొదటి వరసలోనే ఉంది. సెనోన్, ఒకే చోట రెండు. వెనకనుంచి గ్రోవర్ తొంగిచూశాడు.

"ఒకే గుమ్మంలో ఇద్దరు మొగుళ్ళా! మా ఆవిడకి ఒక్కడితోనే విసుగెత్తిపోతోంది, నీ ఓపిక గొప్పది తల్లీ. తీసెయ్ ఒకణ్ణి."

"తీస్తాలే. తొందరేముంది?"

మిగతా వరసలు చదవకుండానే పట్టిక మూసేసింది.

ఫిబ్రవరి వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం ఇంజినీరుగారు ఏదో గోదాము లెక్కలు అడిగితే డెల్ఫినా భోజనం నుంచీ కుర్చీ వదల్లేదు. ఆ రోజు శిశువిహారం నుంచి పిల్లని తీసుకురావడం సెనోన్ వంతు. నాలుగున్నర కావస్తుండగా ఫోన్ మోగింది. శిశువిహారం మిర్తా టీచరు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం కేకలేస్తోంది.

"డెల్ఫినాగారూ, ఇదేం పద్ధతండీ? పసిపిల్లతోనా మీ ఆటలు?"

"సెనోన్ రాలేదా టీచరమ్మా?"

"రాకపోవడమేంటి? మీరిద్దరూ వచ్చారుగా! చెయ్యీ చెయ్యీ పట్టుకుని, నవ్వుకుంటూ, మా గేటు ముందునుంచే పోయారు. పిల్ల మిమ్మల్ని చూసి అమ్మా అమ్మా అని అరుస్తూ రోడ్డు మీదకి ఉరికింది. మినీబస్సువాడు బ్రేకు కొట్టాడు కాబట్టి బతికింది. మీరు వెనక్కి కూడా తిరగలేదు! నేను కూడా కేకేశాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంటండీ, ఇప్పుడే! ఇంకా ఆ మలుపు కూడా తిరగలేదు మీరు. కనిపిస్తున్నారు కూడా. మీ ఆకుపచ్చ స్వెట్టరు..." అని మిర్తా టీచరు సగంలో ఆగిపోయింది. తను డయల్ చేసింది ఆఫీసు నంబరని ఆవిడకి అప్పుడు తట్టినట్టుంది. ఎదురుగా గ్రోవర్ పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. డెల్ఫినా ఒంటి మీద ఉన్నది నల్ల కోటు. ఆకుపచ్చ స్వెట్టరు పెళ్ళిమాటలనాడు వేసుకున్నది, ఎప్పుడో చిరిగిపోతే పాతగుడ్డల్లో వేసేసింది.

ఎలా వెళ్ళిందో, ఏ బండి పట్టుకుందో ఆమెకే తెలియదు. వారా గేటు లోపల బల్ల మీద కూర్చునుంది. మోకాలు గీరుకుపోయింది. ఏడవడం లేదు. తల్లి వచ్చి ముందు మోకరిల్లితే, ముందు ఆమె కోటు చూసింది, తర్వాత ముఖం చూసింది, ఆ తర్వాతే చేతులు చాచింది.

"నువ్వేనా?" అంది.

"నేనేనమ్మా."

"నువ్వు కూడా ఇద్దరు అమ్మా. నాన్న ఇద్దరైనప్పట్నించీ. రెండో నువ్వు నాకు అన్నం పెట్టదు. నేను పిలిస్తే వినిపించుకోదు." పిల్ల గీరుకున్న మోకాలు చూసుకుంటూ అంది. "ఒక్కోసారి నువ్వు కూడా వినిపించుకోవు. అప్పుడు ఏ నువ్వో నాకు తెలీదు."

డెల్ఫినా పిల్లని దగ్గరికి లాక్కుంది. ఇన్నాళ్ళూ మొగుడికి జోడీ వచ్చాడని మురిసిపోయిందే గానీ, ఆ పాత ఫైలులో గుమ్మం దగ్గర ఇద్దరున్నారని ఒక్కసారైనా గుర్తు చేసుకుందా? రెండూ ఉంచమంటే అన్నిటినీ రెండు చేసి ఉంచుతుంది కదా. ఏ సెనోన్ నవ్వుతూ వస్తే ఆమె పరుగెత్తుకెళ్ళిందో, ఆ సెనోన్‌కి ఆమె అక్కర్లేదు. అతని పెళ్ళాం అతనికుంది. ఆవిడకీ పిల్ల పుట్టలేదు. ఇవాళ రోడ్డు మీద ఆగిన బస్సు రేపు ఆగకపోవచ్చు.

పిల్లని చంకనేసుకుని ఆఫీసుకే తిరిగొచ్చింది. గ్రోవర్ తాళాలు తీసుకుని లేవబోతున్నాడు, ఆమె వాలకం చూసి మళ్ళీ కూర్చున్నాడు. డెల్ఫినా పట్టిక తెరిచి ఈసారి కిందకి జరిపింది. సెనోన్, ఒకే చోట రెండు. డెల్ఫినా, ఒకే చోట రెండు. తీసెయ్యమంటే ప్రోగ్రామ్ అడిగింది, పాతవి ఉంచాలా, కొత్తవి ఉంచాలా? పాతవి ఉంచితే పోయేవి ఏవో కింద చూపించింది. సెనోన్, డెల్ఫినా, వారా, చిన్న గది. కొత్తవి ఉంచితే పోయేవి సెనోన్, డెల్ఫినా.

"పాతవాళ్ళిద్దర్లో ఒక్కళ్ళనే తియ్యలేమా గ్రోవర్?"

"పాత ఫైలులో నువ్వే వాళ్ళని ఒక జట్టుగా కట్టావు కదా తల్లీ. కట్టి పంపినవి కలిసే వస్తాయి, కలిసే పోతాయి."

"పోయాక మళ్ళీ తెచ్చుకోవచ్చా?"

"ఎక్కడినుంచి? పాత సాఫ్ట్‌వేర్ చచ్చిపోయిందిగా. ఆ ఫైలు ఇంక ప్రపంచంలో ఎక్కడా తెరుచుకోదు." గ్రోవర్ నవ్వబోయి మానేశాడు. "ఏంటమ్మా, ఏడుస్తున్నావా? బొమ్మల కోసమా?"

ఆమె ఏడుస్తోంది, ఔను. తీసెయ్యాల్సింది ఎవరినో తెలిసే ఏడుస్తోంది. ఆ ఈలని ఇక వినదు. అంతకన్నా, ఆ ఈల వినగానే చేతిలో పని వదిలేసి ఎదురు పరుగెత్తిన పిల్ల ఒకతె ఉండేది, తలెత్తి నోరారా నవ్వేది. దాన్ని తనే తన చేత్తో తుడిచెయ్యాలి. అయినా ఇందులో తేల్చుకోవడానికేం లేదు. కూతురి పేరు అక్కడ తెర మీద, పోయేవాటిలో ఉంది. డెల్ఫినా మౌస్ మీద చెయ్యి వేసింది.

చెయ్యి రెండో మాట వైపు కాక మొదటిదాని వైపు వెళ్ళింది. పాతవి ఉంచు.

ఆమె దాన్ని వెనక్కి లాగబోయింది. రాలేదు. చెయ్యి ఆమెదే, వేలికి ఉంగరం ఆమెదే, కానీ ఆ చెయ్యి ఎంతో తీరుబాటుగా, ఎంతో సంతోషంగా తన దారిన తను పోతోంది. దానికి తొందరేం లేదు, భయమేం లేదు. దాన్ని ఏ కన్నబిడ్డా ఎన్నడూ పట్టుకోలేదు. చూపుడువేలు పైకి లేచింది. డెల్ఫినా గ్రోవర్‌ని కేకెయ్యబోయింది. గొంతులోంచి వచ్చింది ఒక చిన్న నవ్వు.

"అమ్మా," అంది బల్ల కిందనుంచి వారా.

వేలు ఆగలేదు. ఆ మాట ఎక్కడో దూరాన, ఎవరి పిల్లో ఎవరినో పిలిచినట్టు వినిపించింది.

"అమ్మా, నేను," అంది వారా మళ్ళీ, లేచి వచ్చి చల్లటి చెయ్యి తల్లి మణికట్టు మీద వేసింది.

డెల్ఫినా ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని బల్ల మీద అదిమింది. గ్రోవర్ నోరు తెరుచుకుని చూస్తుండగా, ముందుకి వంగి ఆ చేతిని ఛాతీ కింద నొక్కిపెట్టి, ఎడమచేత్తోనే మౌస్ జరిపి "కొత్తవి ఉంచు" నొక్కేసింది. సేవ్ చేసేసింది. తెర మీద ఏమీ కదల్లేదు. అదే ఇల్లు, అదే గుమ్మం, గుమ్మంలో అదే మనుషులు. పసుపు గుర్తులు మాత్రం లేవు. గ్రోవర్ కొండెక్కే రోప్‌వే స్టేషను దాకా పిల్లని ఎత్తుకుని వచ్చి దింపి వెళ్ళాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేవేళ. వాన వెలిసింది. సెనోన్ కుర్చీలో కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. పిల్ల కోసం శిశువిహారానికి వెళ్ళాడట, అప్పటికే అమ్మ తీసుకెళ్ళిందని మిర్తా టీచరు చెప్పిందట, ఆవిడ తనవైపు అదోలా చూసిందట. చెప్తూ తలెత్తాడు. అతను కుర్చీలో ఉండగానే అతనిలోంచి ఆ నవ్వే సెనోన్ లేచాడు. బట్టల మేకు మీంచి టోపీ తీసి వెనక్కి తోసి పెట్టుకున్నాడు.

"పద ఫీనా, వాన తగ్గింది," అన్నాడు, ఆమె ముఖంలోకి చూసి, ప్రేమగా.

డెల్ఫినాకి వస్తానని చెప్పాలనిపించింది. అంతలో భుజాల మీంచి తడిసిన బట్టేదో ఒలిచినట్టయింది. చూస్తే ఎదురుగా ఒక ఆడమనిషి వీపు. ఆకుపచ్చ స్వెట్టరు, వదులుగా వేలాడే జడ. ఆ మనిషి అతని చెయ్యి అందుకుంది. ఇద్దరూ వారా పక్కనుంచే నడిచారు. ఆవిడ పావడా అంచు పిల్ల ముఖానికి తగిలేంత దగ్గరగా పోయింది. వారా గోడకి అంటుకుపోయి నిలబడింది. వాళ్ళు చూడలేదు. తలుపు దానంతట అది తెరుచుకున్నట్టు తెరుచుకుంది, ఈల మెట్లు దిగింది. దాని వెంట నవ్వు కూడా దిగింది, ఒక్కో మెట్టూ, తెరలు తెరలుగా.

డెల్ఫినా ఒక్క అడుగు వేసి ఆగింది. వారా ఆమె కోటు అంచు పట్టుకునుంది.

సెనోన్ కుర్చీలోంచి లేచాడు, అంత తేలిగ్గా లేచినందుకు తనే ఆశ్చర్యపోయాడు. కత్తి బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి కిందకి చూశాడు.

"ఎవరది, అంత హాయిగా నవ్వుతోంది?" అన్నాడు. "మెట్ల దగ్గర ఎవరో ఆడపిల్ల. ఎవరే?"

డెల్ఫినా చెవి ఒగ్గి వింది. చక్కటి నవ్వు, వింటుంటే ఎవరికైనా తనూ నవ్వాలనిపించేలా ఉంది. మలుపు దాటి దూరమైపోతోంది. చాలాసేపు వింది. ఆ గొంతు ఇదివరకెప్పుడూ ఎక్కడా విన్నట్టు లేదు.

"ఎవరో కొత్తగా పెళ్ళయినవాళ్ళలే," అంది, నిజంగానే తెలియక.